రాయికో చిరునామా

"ప్రాజెక్టు" అంటే ఏమిటని గద్వాల పిల్లల్ని అడిగితే జూరాల అంటారు. వనపర్తి పిల్లలు రామన్‌పాడు అంటారు. నాగర్‌కర్నూలు వైపు వాళ్ళు కల్వకుర్తి ఎత్తిపోతల అంటారు. మన ప్రాంతంలో ఆ మాటకు కృష్ణ నీటిని ఆపే కట్టడం, తోడిపోసే కట్టడం అనే అర్థం స్థిరపడిపోయింది. కాని మీ సైన్సు మాస్టారు "ఐదుగురు కలిసి ఒక ప్రాజెక్టు చెయ్యండి" అన్నప్పుడు ఆయన ఉద్దేశం వేరు. ఒక పనిని కొన్ని దశలుగా విడదీసి, తలా ఒక దశ పంచుకుని, చివరకు అన్నిటినీ ఒకటిగా కలపమని ఆయన అడుగుతున్నారు.

అలాంటి పని ఎక్కడ చెడుతుందో మీకు తెలియనిది కాదు. బడి ఆవరణకు ఒక అట్టనమూనా చెయ్యాలనుకుందాం. కొలతలు తీసే అబ్బాయి కాగితం మీద నాలుగు అంకెలు వేసి, "నా పని అయిపోయింది" అని వెళ్ళిపోతాడు. బొమ్మ గీసే అమ్మాయి ఆ కాగితం చూసి, "పొడవు 12 అని ఉంది. అడుగులా? అంగలా? గోడ లోపలినుంచా, బయటినుంచా?" అని అడుగుతుంది. ఈలోగా అట్టలు కత్తిరించేవాళ్ళు తమకు తోచిన కొలతతో కత్తిరించేసి ఉంటారు. రేపు ప్రదర్శన అనగా ఈరోజు సాయంత్రం పైకప్పు గోడలమీద కూర్చోదు! ఇందులో సోమరిపోతు ఎవరూ లేరు. అందరూ పనిచేశారు. "అయిపోవడం" అంటే ఏమిటో ముందుగా ఎవరూ చెప్పుకోలేదు, అంతే.

ఒక దశ పూర్తయిందని ఎప్పుడు అనాలో ముందే రాసుకున్న మాటను ఈ వ్యాసంలో "షరతు" అని పిలుద్దాం. షరతులు స్పష్టంగా లేకపోతే అట్టనమూనా పాడవుతుంది. పోతే పోయింది, మళ్ళీ చేసుకోవచ్చు. కాని మళ్ళీ చేసుకునే వీలు బొత్తిగా లేని పనులు కొన్ని ఉంటాయి. అటువంటి పని ఒకటి మన జిల్లాలోనే జరిగింది.

అలంపురం వెళ్ళినవాళ్ళు అక్కడి నవబ్రహ్మ ఆలయాలను చూసే ఉంటారు. బాదామి చాళుక్యుల కాలం నాటివి. ఆ ఊళ్ళోనే కూడవెల్లి సంగమేశ్వరాలయం అని మరొక గుడి ఉంది. అదీ చాళుక్యుల కాలపుదే. 1,300 ఏళ్ళు దాటింది. కాని అది పుట్టింది అక్కడ కాదు. కృష్ణా తుంగభద్రా కలిసే చోట, కూడవెల్లి అనే ఊళ్ళో, ఏటి ఒడ్డున ఉండేది. శ్రీశైలం దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేచినప్పుడు, దాని వెనుక నిలిచే నీటికి పూర్తి మట్టం సముద్రమట్టానికి 885 అడుగులు అని నిర్ణయించారు. ఆ గీతకు దిగువన ఉన్న పొలమైనా, ఇల్లయినా, గుడి అయినా మునగవలసిందే. కూడవెల్లి గుడి ఆ గీతకు దిగువన ఉంది. అందుకని 1970ల చివరినుండి 1980లలో పురావస్తు నిపుణులు మునకప్రాంతపు గుళ్ళు కొన్నింటిని రాయి రాయిగా విప్పి, మెరక ప్రదేశాలకు తరలించి, తిరిగి కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురం చేరాడు. ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిల, జటప్రోలు గుళ్ళు కూడా అలా చోటు మారినవే.

ఇక్కడ చిన్న తికమకను తీర్చాలి. వేసవిలో శ్రీశైలం నీళ్ళు తగ్గినప్పుడు బయటపడి, వానకాలంలో మళ్ళీ మునిగిపోయే సంగమేశ్వరం గుడి ఒకటి ఉంది. పత్రికల్లో దాని ఫోటోలు ఏటా వస్తాయి. అది వేరు. సోమశిలకు ఎదురుగా, కృష్ణకు ఆవలి గట్టున, నంద్యాల జిల్లాలో ఉంది. రెండు చోట్లా నదులు కలుస్తాయి గనుక రెండు గుళ్ళకూ ఒకే పేరు వచ్చింది. "సంగమేశ్వరం ఫోటో తీసుకురా" అని మీ జట్టులో ఒకరికి చెబితే ఏ గుడి ఫోటో తెస్తాడో చూడండి! జట్టుపనిలో అందరూ ఒకే పేరు పలుకుతూ వేర్వేరు వస్తువుల్ని తలచుకోవడం చాలా మామూలు సంగతి. పని మొదలుకాకముందే పేర్లు తేల్చుకోవాలి.

ఇప్పుడు మనమే ఆ పని పెట్టుకున్నామనుకుందాం. ఏటి ఒడ్డున ఒక రాతిగుడి. దాన్ని విప్పాలి, మొయ్యాలి, వేరేచోట కట్టాలి. నీళ్ళు రాబోతున్నాయి. దశలు ఎవరైనా చెప్పగలరు: కొలిచి బొమ్మలు గీయడం, రాళ్ళకు గుర్తులు వేయడం, విప్పడం, తరలించడం, కొత్త పునాది వేయడం, తిరిగి కట్టడం. ఆ పేర్లు రాసుకోగానే ప్రణాళిక అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఎక్కడినుండి మొదలుపెట్టాలి? మొదటి దశనుండి కాదు, చివరి దశనుండి. కట్టే జట్టు కొత్తచోట నిలబడి ఉంది. వాళ్ళలో ఒక్కరూ పాత గుడిని చూడలేదనుకోండి. నిజంగా కూడా అలా జరగవచ్చు. ఏళ్ళ తరబడి సాగే పనిలో మనుషులు మారిపోతారు. వాళ్ళ ముందు వందల రాళ్ళు పడి ఉన్నాయి. ఒక రాయిని చేతబట్టుకుని వాళ్ళు వేసే ప్రశ్నలు మూడు. ఇది ఏ చోటిది? ఏ వైపు పైకి ఉండాలి? ఏ ముఖం బయటికి కనిపించాలి? ఈ మూడింటికీ ఆ రాయే జవాబు చెప్పాలి. అదే గుర్తులు వేసే దశకు షరతు. చూశారా, రెండో దశ షరతును ఆరో దశవాళ్ళ ప్రశ్నలు తయారుచేశాయి.

గుర్తు లేకపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. ఒక వరసలో పది రాళ్ళున్నాయి. మొదటి చోట పదింటిలో ఏదైనా పెట్టవచ్చు, రెండో చోట మిగిలిన తొమ్మిదింటిలో ఏదైనా, అలా 10 × 9 × 8 × 7 × 6 × 5 × 4 × 3 × 2 × 1. అంటే 36,28,800 అమరికలు. నిమిషానికి ఒక అమరిక చొప్పున, రాత్రింబవళ్ళు ఆగకుండా పేర్చి చూస్తే దాదాపు ఆరేళ్ళ పదకొండు నెలలు పడుతుంది. ఒకే ఒక్క వరసకు! రాయిని అటూ ఇటూ తిప్పి చూడడం ఇందులో కలపలేదు. చెక్కడపు రాయి అయితే బొమ్మను బట్టి దాని చోటు కొంతవరకు ఊహించవచ్చు. సగం పద్మం ఒక రాతిమీద, మిగతా సగం పక్కరాతిమీద ఉంటుంది గదా. కాని గోడ లోపలి భాగంలో ఉండే మామూలు రాళ్ళకు ఆ సాయం లేదు. పైగా చాళుక్యుల గుళ్ళలో రాళ్ళను సున్నం లేకుండా, ఒకదానికొకటి అతికేలా చెక్కి పేర్చేవారు. అవి వాటి చోటనే సరిగ్గా కూర్చుంటాయి, పక్కచోట కూర్చోవు.

సరే, నంబర్లు వేద్దాం. ఉత్తరపు గోడ, మూడో వరస, ఏడో రాయి. "ఉ-3-7" అని రాశాం. స్పష్టంగానే ఉంది కదా?

లేదు. మూడో వరస అంటే ఎటునుండి మూడోది? విప్పే జట్టు పైనుండి దిగుతుంది కాబట్టి పైనుండి లెక్కపెడుతుంది. కట్టే జట్టు పునాదినుండి లేస్తుంది కాబట్టి కిందినుండి లెక్కపెడుతుంది. గోడకు పద్నాలుగు వరసలుంటే, పైనుండి మూడోది కిందినుండి పన్నెండోది! అలాగే ఏడో రాయి అంటే ఎడమనుండి ఏడోదా, కుడినుండా? "ఎడమనుండి" అని రాసినా చాలదు. గుడి బయట నిలబడి చూసేవాడి ఎడమ, గర్భగుడిలో నిలబడి చూసేవాడికి కుడి అవుతుంది. పది రాళ్ళ వరసలో బయటివాడి ఏడో రాయి లోపలివాడికి నాలుగోది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ శ్రద్ధగానే పనిచేశారు, గోడ మాత్రం తప్పు.

అందుచేత షరతును ఇలా రాయాలి: "వరసలను కిందినుండి పైకి లెక్కించాలి. రాళ్ళను గుడి బయట నిలబడి, గోడకు ఎదురుగా చూస్తూ, ఎడమనుండి కుడికి లెక్కించాలి." రెండు వాక్యాలు, ఎక్కువేమీ కాదు.

అయితే కిందినుండి లెక్కించాలనగానే ఇంకో చిక్కు వస్తుంది. పాత గుళ్ళ చుట్టూ శతాబ్దాల మట్టి పేరుకుని ఉంటుంది. ఏటి ఒడ్డున ఉంటే వండ్రుమట్టి మరీ ఎక్కువ. మీకు కనిపించే అట్టడుగు వరస నిజానికి మూడోదో నాలుగోదో కావచ్చు. కాబట్టి కొలతల జట్టు షరతులో ఒక వాక్యం చేర్చాలి: "కొలవడానికి ముందు గోడల చుట్టూ మట్టి తవ్వి, మొదటి వరస కనిపించేలా చెయ్యాలి." ఒక దశ షరతు స్పష్టం చేస్తే, దానికి ముందున్న దశలో ఎవరూ తలచుకోని పని బయటపడింది. షరతులు రాయడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. కాగితం మీద కూర్చున్నచోటనే బయటపడిన చిక్కుకు ఖర్చు లేదు.

ఇక గుర్తు వేయడానికి ఏ రంగు వాడాలి, ఎక్కడ వేయాలి? సుద్దతో రాస్తే చెయ్యి తగిలితే పోతుంది. సున్నంతో రాస్తే వానకు పోతుంది. పోనీ గట్టి రంగు వేద్దామంటే, అది చెక్కడం మీద పడితే మరిక పోదు. గుడి బతుకుతుంది గాని దాని ముఖాన నంబరు మిగిలిపోతుంది. "గుర్తులు బాగా వేయాలి" అనే మాట ఇక్కడ ఎందుకూ పనికిరాదు. "ఒక వానకాలమంతా ఆరుబయట పడి ఉన్నా చదవగలిగేలా ఉండాలి; తిరిగి కట్టాక బయటికి కనిపించే ముఖం మీద ఉండకూడదు" అంటే అది షరతు. దాన్ని నెరవేర్చే చోటు కూడా దొరుకుతుంది. నంబరును రాయి పైముఖం మీద వేశామనుకోండి. పై వరస రాగానే అది మూసుకుపోతుంది, కట్టేటప్పుడు మాత్రం కనిపిస్తుంది. నంబరు ఉన్న ముఖమే పైకి ఉండాలి కాబట్టి, "ఏ వైపు పైకి" అన్న ప్రశ్నకు వేరే గుర్తు అక్కర్లేదు. పక్కనే బయటివైపుకు చూపే ఒక బాణం గీస్తే మూడో ప్రశ్న కూడా తీరింది. కాకపోతే పైముఖం మీద వేయాలంటే పై రాయి తీశాకనే వీలవుతుంది. అంటే గుర్తులు వేయడం, విప్పడం వేర్వేరు దశలుగా ఉండవు. ఒక వరస విప్పడం, కింది వరసకు గుర్తులు వేయడం, మళ్ళీ విప్పడం, ఇలా రెండు జట్లూ కలిసి నడవాలి. మనం మొదట రాసుకున్న దశల పట్టికే మారిపోయింది!

తరలించే జట్టు సంగతి తొందరగా చెప్పుకుందాం. వాళ్ళకు కావలసిన షరతు ఒకటే: కొత్తచోట రాళ్ళను గుట్టగా పొయ్యకూడదు. ఏ వరసకు ఆ వరస నేలమీద విడిగా పరిచి, మధ్యలో మనిషి నడిచి నంబరు చదవగలిగేంత దారి వదలాలి. అంత జాగా ముందే చూసిపెట్టుకోవాలి.

కట్టే దశ దగ్గర మాత్రం మళ్ళీ ఆగాలి. "రాళ్ళను దగ్గరదగ్గరగా పేర్చాలి" అన్నామనుకోండి. ఎంత దగ్గరగా? ఒక గోడలో 26 రాళ్ళుంటే వాటి మధ్య సందులు 25. ఒక్కో సందు పాతదానికన్నా 2 మిల్లీమీటర్లు పెరిగిందనుకుందాం. రెండు మిల్లీమీటర్లంటే కంటికి ఆనేది కాదు. కాని 25 సందులకు కలిపి 50 మిల్లీమీటర్లు, అంటే ఐదు సెంటీమీటర్లు. మూలరాయి ఐదు సెంటీమీటర్లు బయటికి తోసుకుపోతుంది. పైన పరచవలసిన కప్పురాయి పాత పొడవే ఉంటుంది గదా, అది అందదు. అందువల్ల ఒక్కో సందుకు ఎంత తేడాను ఒప్పుకుంటామో చెప్పడంతో ఆగకుండా, గోడ మొత్తం పొడవులో ఎంత తేడాను ఒప్పుకుంటామో కూడా చెప్పాలి. మన తాపీమేస్త్రీలు ప్రతి వరస మీదా రసమట్టం పెట్టి చూస్తారు, ప్రతి మూలా గుండుతాడు వేలాడదీసి చూస్తారు. గోడ అంతా లేచాక చూద్దామని ఊరుకోరు. తేడా చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలని వాళ్ళకు తెలుసు.

ఇలాంటి పనిని లోకంలో అతి పెద్ద ఎత్తున చేసిన చోటు ఈజిప్టు. నైలు నది మీద ఆస్వాన్ ఎత్తు ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుళ్ళు మునిగిపోయే ప్రమాదం వచ్చింది. అవి పేర్చి కట్టినవి కావు, కొండను తొలిచి చేసినవి. 1964 నుండి 1968 వరకు, యునెస్కో ఆధ్వర్యంలో అనేక దేశాల ఇంజనీర్లు వాటిని వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి, 200 మీటర్ల వెనక్కి చేర్చి తిరిగి అమర్చారు. అక్కడి పెద్దగుడిలో ఒక విశేషం ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, ఉదయపు సూర్యకిరణాలు ద్వారంలోంచి నేరుగా లోపలి గర్భగుడిదాకా పోయి విగ్రహాలమీద పడతాయి. అంటే ప్రతి ముక్కా దాని చోట కూర్చుంటే చాలదు. గుడి మొత్తం పాత దిక్కుకే చూడాలి. ఆ షరతు కట్టే జట్టుకు చివరన గుర్తొస్తే లాభం లేదు. పునాది జట్టుకు మొదటే తెలియాలి. గుడి చోటు మారాక కూడా ఆ కిరణాలు నేటికీ లోపలికి పోతున్నాయి.

రెండు జట్ల మధ్య షరతు సరిగా అమలుకాకపోతే ఎంత నష్టమో చెప్పడానికి మరో ఉదాహరణ చాలు. అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక 1998 డిసెంబరులో బయలుదేరి, 1999 సెప్టెంబరు 23న అంగారకుణ్ణి చేరింది. చేరగానే సంబంధాలు తెగిపోయాయి. భూమిమీద ఒక జట్టు తయారుచేసిన కంప్యూటరు ప్రోగ్రాము రాకెట్ తోపుల లెక్కను పౌండ్లలో ఇస్తోంది. దారి నడిపే జట్టు వాటిని న్యూటన్లుగా తీసుకుంటోంది. ఒక పౌండు బలం అంటే సుమారు 4.45 న్యూటన్లు. తొమ్మిది నెలల ప్రయాణంలో చిన్నచిన్న తేడాలు పోగుపడి, నౌక అంగారకుడికి 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయిందని తరువాత లెక్క తేలింది. అంత కిందికి దిగితే అక్కడి వాతావరణపు ఒరిపిడికి నౌక నిలవదు. న్యూటన్లలోనే ఇవ్వాలన్న షరతు కాగితం మీద ఉంది! ఆ షరతు నెరవేరిందా లేదా అని అంకెలు చేతులు మారేచోట ఎవరూ గట్టిగా పరీక్షించలేదు. మీ కాగితం మీది "పొడవు 12" కూ దీనికీ ఉన్న దగ్గరి చుట్టరికం మీకు తెలుస్తూనే ఉంది.

కాబట్టి షరతు రాసినప్పుడే, దాన్ని ఎవరు పరీక్షిస్తారో కూడా రాయండి. పనిచేసినవాళ్ళే పరీక్షించుకుంటే ఫలితం ఉండదు. ఎందుకో తెలుసా? నంబరు వేసినవాడికి ఆ రాయి ఎక్కడిదో గుర్తుంటుంది. "ఉ-3" దాకానే రాసినా, మిగతాది మనసులోంచి నింపుకుని చదివేస్తాడు. ఆ గోడను చూడనివాడు చదివితేనే లోపం బయటపడుతుంది. అన్నిటికన్నా మంచి పరీక్షకుడు తరువాతి దశవాడే, ఎందుకంటే ఇబ్బంది పడేది అతనే. అతను "సరే" అన్నాకనే పై వరస విప్పాలి. విప్పిన రాయిని మళ్ళీ పాతచోట పెట్టి చూసుకుందామంటే, ఆ చోటు అప్పటికి నీళ్ళ కింద ఉండవచ్చు.

స్పష్టంగా రాసిన షరతు ఎప్పటికీ సరిపోతుందనే హామీ కూడా లేదు. నవబ్రహ్మ ఆలయాలను కదపలేదు. వాటి రక్షణకోసం అలంపురం దగ్గర తుంగభద్ర వైపు గోడ కట్టారు. గోడ ఎంత ఎత్తుండాలి అనే ప్రశ్నకు "వరద రాకుండా ఉండేంత" అన్నది జవాబు కాదు. ఎంత వరద అనే అంకె ఒకటి తీసుకోవాలి. 2009 అక్టోబరు మొదటివారంలో కృష్ణకు, తుంగభద్రకు ఒకేసారి మహావరద వచ్చింది. 885 అడుగులు పూర్తి మట్టంగా ఉన్న శ్రీశైలంలో నీరు 896 అడుగులకు లేచింది. కర్నూలు నగరం మునిగింది. అలంపురం ప్రాంతమూ నీళ్ళపాలయింది. అటువంటప్పుడు లెక్కను మళ్ళీ చూసుకోవాలి, కొత్త అంకె రాసుకోవాలి, పాత కాగితం పట్టుకుని పనిచేస్తున్న ప్రతివారికీ అది మారిన సంగతి చేరాలి. మీ జట్టులో కూడా షరతు మార్చిన రోజున పక్కనే తేదీ వేసి, అందరి చేతా చదివించండి. ఇద్దరు కొత్త కొలతతో, ముగ్గురు పాత కొలతతో పనిచెయ్యడం కన్నా అందరూ పాతదానితోనే చెయ్యడం నయం.

శ్రీశైలం నీటికింద మునిగినవి గుళ్ళు మాత్రమే కావు. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలు మునిగాయి. మీలో కొందరి తాతలు, నాయనమ్మలు ఆ ఊళ్ళవాళ్ళే అయి ఉంటారు. గుడిని తరలించడం ఎప్పుడు పూర్తయిందో చెప్పడం తేలిక: ఆఖరి రాయి దాని చోట కూర్చున్నప్పుడు. మనుషుల్ని తరలించడం ఎప్పుడు పూర్తయినట్టు? పరిహారం చేతికి అందినప్పుడా? ఇల్లు లేచినప్పుడా? బావిలో నీళ్ళు పడి, పిల్లలు బడికి వెళ్ళడం మొదలైనప్పుడా? ముంపు కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని 1986లో ప్రభుత్వం 98వ నంబరు ఉత్తర్వు వెలువరించింది. దశాబ్దాలు గడిచినా ఆ నంబరు పట్టుకుని కుటుంబాలు కార్యాలయాల చుట్టూ తిరుగుతూనే వచ్చాయి. పునరావాసం అనే దశకు రాళ్ళకు రాసినంత వివరంగా షరతులు రాసి, ఒక్కొక్కటీ నెరవేరిందని ఆ కుటుంబం చేతనే సంతకం పెట్టించుకుని ఉండవలసిందని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దలుంటే అడిగి చూడండి: వాళ్ళ దృష్టిలో ఆ దశ ఏనాడు పూర్తయింది, అసలు పూర్తయిందా అని.

ఇక మీ వంతు. ఒక శనివారం మధ్యాహ్నం చేసి చూడదగిన పరీక్ష ఇది. కావలసినవి 24 రాళ్ళు: తాండూరు బండల ముక్కలు గాని, విరిగిన ఇటుకలు గాని, ఏవైనా సరే, వంకరటింకరగా, ఏ రెండూ ఒక్కలా లేకుండా ఉండాలి. పిడికిలికన్నా పెద్దవి వద్దు, కాలిమీద పడితే దెబ్బ తగులుతుంది. నాలుగు జట్లుగా విడిపొండి. మొదటి జట్టు ఆరేసి రాళ్ళ చొప్పున నాలుగు వరసలు పేర్చి ఒక చిన్న గోడ కడుతుంది. మాస్టారు దాన్ని ఫోటో తీసి ఎవరికీ చూపకుండా దాచుకోవాలి. రెండో జట్టు కొలిచి, బొమ్మ గీసి, గుర్తులు వేస్తుంది. మూడో జట్టు విప్పి, ఆవరణలో మరో మూలకు మోస్తుంది. నాలుగో జట్టు కడుతుంది. ఈ నాలుగో జట్టు మొదటినుండీ తరగతి గదిలోనే కూర్చోవాలి, గోడను చూడకూడదు.

గోడ పేర్చడానికి ముందే నలుగురు జట్టునాయకులూ కలిసి ఒకే ఒక్క పేజీలో అన్ని దశలకూ షరతులు రాయాలి. కట్టే జట్టు నాయకుడు ముందు మాట్లాడాలి: తనకు ఏమేమి తెలియాలో, ఏ రూపంలో తెలియాలో అతనే చెప్పాలి. పని మొదలయ్యాక జట్లు ఒకదానితో ఒకటి మాట్లాడకూడదు. కాగితం, రాళ్ళు మాత్రమే చేతులు మారాలి. కట్టడం అయ్యాక ఫోటో తీసి చూసి, ఎన్ని రాళ్ళు తప్పుచోట ఉన్నాయో, ఎన్ని తిరగబడి ఉన్నాయో లెక్కపెట్టండి. గుర్తులు లేకుండా ఆరు రాళ్ళ వరసను పేర్చడానికి ఎన్ని అమరికలున్నాయో ఇప్పుడు మీరే కట్టగలరు.

కట్టేటప్పుడు నాలుగో జట్టుకు వచ్చిన ప్రతి సందేహాన్నీ ఒక కాగితంమీద రాయించండి. "బాణం గోడ బయటికా, లోపలికా?", "ఇది 6 నా, 9 యా?" ఇటువంటివి చాలా వస్తాయి. ఆ సందేహాల పక్కన, ఏ దశ షరతులో ఏ మాట చేర్చి ఉంటే అది రాకుండా ఉండేదో రాసి, షరతుల పేజీని మళ్ళీ రాయండి. తరువాతి శనివారం జట్లను మార్చి ఇంకోసారి చెయ్యండి. ఈసారి రాళ్ళు కూడా కొత్తవి ఏరుకోండి, లేకపోతే పాత గోడ ఎవరో ఒకరికి గుర్తుండిపోయి కాగితం చూడకుండానే కట్టేస్తారు.